సి5200, ఎ1943 మీద తోషిబా అని ఉంటే తోషిబాదేనా? తయారీదారు ఎవరో తేల్చడం ఎలా?

ఉప్పల్_సర్వీస్

ఒక పి.ఏ. (సభలకు, ఫంక్షన్లకు వాడే సౌండ్) యాంప్లిఫైయర్ బెంచ్ మీద ఉంది. సప్లై ప్లస్ 63, మైనస్ 63 వోల్టులు. అవుట్‌పుట్‌లో 2ఎస్‌సి5200, 2ఎస్‌ఎ1943 పవర్ ట్రాన్సిస్టర్లు మూడు జతలు. సి5200లు మూడూ షార్ట్, ఎ1943లలో రెండు షార్ట్, ఒక్కటి బతికుంది. 0.22 ఓమ్ ఎమిటర్ రెసిస్టర్లు రెండు ఓపెన్, వాటిని నడిపే డ్రైవర్ ట్రాన్సిస్టర్లలో సి4793 పోయింది.

హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో రెండు షాపుల్లో రెండు లాట్లు తీసుకున్నాను. మొదటి లాట్ మీద తోషిబా అని పెద్దగా, లేజర్‌తో చెక్కినట్టు ఉంది. కింద నంబరు, గ్రేడ్ (గెయిన్ వర్గం) తెలిపే 'ఓ' అక్షరం, లాట్ నంబరు. రెండో లాట్ మీద కంపెనీ పేరు లేదు. వాలుగా ఉన్న ఎఫ్ లాంటి చిన్న గుర్తు, పక్కన ఒక అక్షరం, కొన్ని అంకెలు, కింది లైన్‌లో సి5200ఓ అని గ్రేడ్‌తో కలిపి నంబరు. మొదటిదే ఒరిజినల్ అంటూ దానికే ఎక్కువ ధర తీసుకున్నారు. రెండోది "డూప్లికేట్, కానీ నడుస్తుంది" అన్నారు.

ఇంకో చిన్న సందేహం. ఇన్‌పుట్ స్టేజ్‌లో ఎ992 ఒకటి నాయిస్ చేస్తోంది. దొరికినదాని మీద కెఎస్‌ఎ992 అని ఉంది. ఇది అదే పార్టా, వేరేదా?

బెంచ్ మీద మల్టీమీటరు, కెపాసిటీ కొలిచే ఎల్‌సిఆర్ మీటరు, పాత కంప్యూటర్ ఎటిఎక్స్ సప్లై ఉన్నాయి. కర్వ్ ట్రేసర్ లేదు.

పుష్‌పుల్_శాస్త్రి

ముందు చిన్న సందేహం తీరుద్దాం. ఎ992, సి1845 మొదట ఎన్‌ఇసి పార్టులు. కెఎస్‌ఎ, కెఎస్‌సి అనేవి శామ్‌సంగ్ పెట్టుకున్న అక్షరాలు. 1999లో శామ్‌సంగ్ పవర్ డివైస్ వ్యాపారం ఫెయిర్‌చైల్డ్‌కి వెళ్లింది, 2016లో ఫెయిర్‌చైల్డ్‌ని ఆన్ సెమీకండక్టర్ కొన్నది. అందుకే ఒకే పార్టు మీద కాలాన్ని బట్టి మూడు కంపెనీల గుర్తులు కనిపిస్తాయి. కాళ్ల వరస కూడా ఒకటే: రాత ఉన్న వైపు చూస్తే ఎమిటర్, కలెక్టర్, బేస్. నిశ్చింతగా వేయండి.

కాళ్ల వరస అన్ని పార్టులకీ ఇలా కలవదు. బిసి546కి అదే వైపు నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. 2ఎన్5551కి ఎమిటర్, బేస్, కలెక్టర్. నంబరు కుటుంబం మారిందంటే కాళ్లు చూడకుండా వేయకండి.

ఇక అసలు విషయం. జపాన్ పద్ధతిలో 2ఎస్‌ఎ, 2ఎస్‌బి అంటే పిఎన్‌పి, 2ఎస్‌సి, 2ఎస్‌డి అంటే ఎన్‌పిఎన్. బాడీ మీద మొదటి 2ఎస్ వదిలేస్తారు. 2ఎన్ నంబర్లు అమెరికావి, బిసి, బిడి యూరప్‌వి. ఈ మూడు పద్ధతుల్లోనూ నంబరు చూసి తయారీదారుని చెప్పలేం, ఒకే నంబరు ఎవరైనా చేయొచ్చు. 2ఎస్‌సి5200 తోషిబాతో పాటు ఫెయిర్‌చైల్డ్ చేసింది, ఎస్‌టి చేసింది, చైనాలో ఇంచేంజ్ వాళ్లు ఐఎస్‌సి అన్న సొంత గుర్తుతో చేస్తున్నారు. తన పేరు తాను వేసుకున్న సెకండ్ సోర్స్ వేరు, ఇంకొకరి పేరు కొట్టుకున్న నకిలీ వేరు. మన దగ్గర ఈ రెండింటినీ కలిపి డూప్లికేట్ అనేస్తారు. మీ షాపులో జరిగింది అదే.

కంపెనీ సొంత అక్షరాలతో మొదలయ్యే నంబర్లు మాత్రం పుట్టిల్లు చెబుతాయి. ఎమ్‌జె, ఎమ్‌జెఇ, ఎమ్‌జెఎల్, ఎమ్‌పిఎస్ మోటరోలావి. టిఐపి టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌ది. కెటిసి, కెటిఎ కొరియా కెఇసివి. సిఎస్‌డి, సిఎస్‌బి అని ఉంటే మన దేశంలోని సిడిఐఎల్. అయితే ఇవి పుట్టిల్లే చెబుతాయి, ఇప్పుడు మీ చేతిలో ఉన్న పీసు ఎవరు చేశారో చెప్పవు. టిఐపి41సి ఇప్పుడు చాలామంది చేస్తున్నారు.

మీ రెండో లాట్ మీద రాత ఫెయిర్‌చైల్డ్ పద్ధతి: వాలు ఎఫ్, ప్లాంట్ అక్షరం, తేదీ, లాట్, కింద నంబరుకి గ్రేడ్ అతికించి సి5200ఓ. ఇదే పార్టుని వాళ్లు ఎఫ్‌జెఎల్4315 అని కూడా అమ్మారు, దాని మీద జె4315ఓ అని ఉంటుంది. పిఎన్‌పి జోడీ ఎఫ్‌జెఎల్4215.

గుర్తుకీ తేదీకీ పొంతన చూడటం మంచి అలవాటు. మోటరోలా నుంచి ఆన్ సెమీకండక్టర్ విడిపోయింది 1999లో. మోటరోలా గుర్తుతో ఉన్న ఎమ్‌జె15003 మీద 2010 తేదీ ఉంటే ఇక వేరే పరీక్ష అక్కర్లేదు. ఎన్‌ఇసి ఎలక్ట్రానిక్స్ 2010లో రెనెసాస్‌లో కలిసింది. సాన్యో సెమీకండక్టర్ 2011లో ఆన్ చేతికి వెళ్లింది.

తోషిబా అంటున్న లాట్‌కి స్కేలు పెట్టండి. అసలు 2ఎస్‌సి5200 పెద్ద బాడీ, వెడల్పు సుమారు 20 మి.మీ. చిన్న బాడీ, అంటే సుమారు 16 మి.మీ. ఉన్నదాన్ని తోషిబా సి5200ఎన్ అని ఎన్ అక్షరంతో అమ్ముతుంది. చిన్న బాడీ మీద ఎన్ లేకుండా తోషిబా సి5200 అని ఉంటే అక్కడే ఆగిపోవచ్చు. అలాగే సి5200 మీదా ఎ1943 మీదా లాట్ నంబరు ఒకటేనా చూసి చెప్పండి. అవి రెండు వేర్వేరు పార్టులు, నంబర్లు అచ్చంగా ఒకటిగా ఉంటే ఒకే టేబుల్ మీద ఒకే మెషీన్‌తో కొట్టారనే అనుమానించాలి.

జంబాగ్_ఫ్యూజ్

అన్నా, రాత చూసుకుంట కూసుంటే తెల్లారుతది. రాత కొట్టుడు వాళ్లకు మస్తు అల్కగ. చిప్పు పెద్దగ చేసుడే ఖర్చు, ఆడనే కక్కుర్తి పడ్తరు. గందుకే నువ్వు చిప్పు సైజు చూడాలె.

ఎల్‌సిఆర్ మీటరు ఉన్నదన్నవ్ గద, అది చాలు. ఎమిటర్ వదిలెయ్, కలెక్టర్ బేస్ నడుమ కెపాసిటీ చూడు. డేటాషీట్ల సి5200కు 200 పికోఫారడ్, ఎ1943కు 360 అని ఉంటది, గని అది 10 వోల్టులు ఎదురు పెట్టినంక. మీటర్ల ఆ వోల్టేజీ ఉండదు కాబట్టి డబల్ కంటె ఎక్కువనే సూపెట్టాలె. ఇంకోటి, ఎన్‌పిఎన్ కన్న పిఎన్‌పి గట్టిగ ఎక్కువుండాలె. రెండూ దగ్గర దగ్గరున్నయంటె లోపల వేరే ఏదో చిన్న చిప్పు ఏసిండ్రు.

సెట్టుల బతికున్న ఎ1943 పారెయ్యకు. అదే నీ కాటా. దాన్ని పక్కన వెట్టుకొని కొత్తయి కొలువు.

చచ్చిన పీసులు ఉన్నయి గద, ఒకటి వైస్‌ల అడ్డంగ బిగించి ప్లాస్టిక్ పలగ్గొట్టు. కొత్త లాట్లకెల్లి గూడ ఒక్కోటి బలియ్యాల్సిందే. చిప్పులు పక్కపక్కన వెడితే చిన్న పోరడు గూడ చెప్తడు ఏది ఏందో. కండ్లద్దాలు వెట్టుకో, తునకలు ఎగుర్తయి. ఒక్క మాట, ట్రాన్స్‌మిటర్ల వచ్చే తెల్ల సిరామిక్ ఆర్‌ఎఫ్ ట్రాన్సిస్టర్లను మాత్రం ఇట్ల పలగ్గొట్టకు. వాటిల బెరిలియం ఆక్సైడ్ ఉంటది, దుమ్ము పీలిస్తే ఊపిరితిత్తులు ఖతం.

చేతుల పట్టుకునే కాంపోనెంట్ టెస్టర్ సూపెట్టే హెచ్‌ఎఫ్‌ఇ (కరెంటు గెయిన్) నమ్మకు. అది కొన్ని మిల్లీఆంపుల మీద కొలుస్తది. ఆడ నకిలీది గూడ బంగారమే.

ఉప్పల్_సర్వీస్

కొలిచాను. బాడీ వెడల్పు రెండు లాట్లదీ 20 మి.మీ. వరకు ఉంది, అక్కడ తేడా లేదు. తోషిబా లాట్‌లో సి5200, ఎ1943 రెండింటి మీదా లాట్ నంబరు అచ్చంగా ఒకటే.

కలెక్టర్, బేస్ మధ్య: తోషిబా లాట్ సి5200 190 పికోఫారడ్, ఎ1943 215. ఎఫ్ లాట్ సి5200 610, ఎ1943 1040. సెట్‌లో బతికిన పాత ఎ1943 1070.

అసిటోన్‌తో రుద్ది చూశాను, రెండింటి మీదా రాత చెక్కు చెదరలేదు. ఈ అంకెలు చాలా, ఇంకేమైనా చూడాలా? సీజన్ దగ్గర పడింది, సౌండ్ వాళ్లు రోజూ ఫోన్ చేస్తున్నారు.

పుష్‌పుల్_శాస్త్రి

అసిటోన్ పరీక్ష పాత ప్లాస్టిక్‌ని గీకి, నల్లరంగు పూసి, మళ్లీ కొట్టిన వాటికి పని చేస్తుంది. కొత్త బాడీలో చిన్న చిప్పు పెట్టి నేరుగా లేజర్‌తో కొట్టినవి దానికి దొరకవు. రాత చెదరలేదంటే అసలుదని అర్థం కాదు.

మీ అంకెలతో తోషిబా లాట్ పోయినట్టే. ఎఫ్ లాట్ సెట్‌లోని పాతదానికి సరిపోయింది. అయినా వోల్టేజీ పరీక్ష ఒకటి మిగిలింది, 63 వోల్టుల సెట్‌కి అది ముఖ్యం. ఒక వైపు ట్రాన్సిస్టర్ పూర్తిగా ఆన్ అయినప్పుడు ఎదుటి వైపు దాని మీద దాదాపు 126 వోల్టులు పడతాయి. ఆ 63 అనేది మెయిన్స్ 230 ఉన్నప్పటి లెక్క. రాత్రి లోడ్ తగ్గి లైన్ 250కి పోతే ఒక్కో సప్లై 68 వోల్టులు దాటుతుంది, మొత్తం 137. నకిలీ చిప్పుల్లో చాలా వరకు 100, 140 మధ్యలో బ్రేక్‌డౌన్ అవుతాయి. బెంచ్ మీద పగలు నడిచిన సెట్టు ఫంక్షన్‌లో రాత్రి పోవడానికి ఒక కారణం ఇది.

చిన్న జిగ్ (పరీక్షకి పెట్టుకునే ఏర్పాటు) చేసుకోండి. ఒకే రకం 12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్లు రెండు తీసుకుని, సెకండరీకి సెకండరీ కలపండి. రెండోదాని ప్రైమరీలో లైన్ నుంచి విడిపోయిన ఏసీ వస్తుంది, లాస్ వల్ల 230 కన్నా కొంచెం తక్కువ. ఒక 1ఎన్4007, 4.7 మైక్రోఫారడ్ 450 వోల్టుల కెపాసిటర్‌తో డీసీ చేయండి, 280 ప్రాంతంలో ఉంటుంది. దాని తర్వాత 47 కిలోఓమ్ 2 వాట్ల రెసిస్టర్లు రెండు సిరీస్‌లో. ఒక్కటే పెట్టకండి, అంత వోల్టేజీకి రెండు పంచుకోవాలి. పూర్తి షార్ట్ అయినా 3 మిల్లీఆంపులే పోతుంది కాబట్టి ట్రాన్సిస్టర్‌కి దెబ్బ తగలదు.

బేస్ వదిలేయండి, సి5200 కలెక్టర్‌కి ప్లస్, ఎమిటర్‌కి మైనస్. ఎ1943కి తిరగేయండి. కలెక్టర్, ఎమిటర్ మధ్య మీటరు డీసీ వోల్టుల్లో. 230 పైన నిలబడితే పాస్. 120 దగ్గర కూలబడితే దాని మీద ఎవరి పేరున్నా మీకు పనికిరాదు. వెనక లోహపు ట్యాబ్ కలెక్టరే, పరీక్ష జరుగుతున్నంతసేపూ లైవ్. సప్లై ఆపాక కెపాసిటర్‌ని 100 కిలోఓమ్ పెట్టి ఖాళీ చేసి, మీటరులో సున్నా చూశాకే చెయ్యి పెట్టండి. ట్రాన్స్‌ఫార్మర్లు లేకుండా నేరుగా మెయిన్స్ నుంచి చేయాలన్న ఆలోచన వద్దు.

క్లాస్_ఏబీ

శాస్త్రిగారు చెప్పినదానికి కరెంటు పరీక్ష కలుపుతాను, ఎటిఎక్స్ ఉంది కాబట్టి. వోల్టేజీకి నిలబడి కరెంటుకి చతికిలపడే నకిలీలు కూడా ఉన్నాయి.

ఎటిఎక్స్‌లో పచ్చ వైరుని నల్ల వైరుకి కలిపి ఆన్ చేయండి. ట్రాన్సిస్టర్‌ని పెద్ద హీట్‌సింక్‌కి బిగించండి. సి5200 ఎమిటర్ గ్రౌండుకి, కలెక్టర్ ప్లస్ 5కి మీటరు 10 ఆంప్ రేంజ్ గుండా. ప్లస్ 12 నుంచి 100 ఓమ్ 2 వాట్ల రెసిస్టర్‌తో బేస్‌ని ఒక్క సెకను తాకించండి. బేస్‌లోకి సుమారు 110 మిల్లీఆంపులు పోతాయి. డేటాషీట్‌లో 7 ఆంపుల దగ్గర హెచ్‌ఎఫ్‌ఇ కనీసం 35, మామూలుగా 60. అసలు పీసు 4 ఆంపుల కింద ఉండకూడదు, ఎక్కువగా 6 ప్రాంతంలో చూపిస్తుంది. చిన్న చిప్పు 2, 3 ఆంపుల దగ్గరే మొండికేస్తుంది. ఎ1943కి ఎమిటర్ ప్లస్ 5కి, కలెక్టర్ మీటరు గుండా గ్రౌండుకి, బేస్‌ని 39 ఓమ్ 1 వాట్ రెసిస్టర్‌తో గ్రౌండుకి. సెకను దాటనివ్వకండి, 30 వాట్ల పైన వేడి పుడుతుంది.

ఇక ఏం వేయాలి అన్నది. అసలు ఫెయిర్‌చైల్డ్ అయితే అది పాత స్టాక్, అదే రకం ఆరు దొరికాయి కాబట్టి వేయొచ్చు. దొరక్కపోతే ఎమ్‌జెఎల్3281ఎ, ఎమ్‌జెఎల్1302ఎ జత ఉంది: 260 వోల్టులు, 15 ఆంపులు, 200 వాట్లు, కాళ్ల వరస అదే బేస్, కలెక్టర్, ఎమిటర్, బోల్టు రంధ్రం కూడా కలుస్తుంది. తోషిబానే కావాలంటే టిటిసి5200, టిటిఎ1943 అని అడగండి. మౌసర్, డిజీకీ, ఎలిమెంట్14 లాంటి చోట బిల్లుతో తీసుకుంటే ఈ పరీక్షలన్నీ అక్కర్లేదు. ఒక్కో సెట్టుకి ఆర్డర్ పెడితే షిప్పింగ్ గిట్టదు, పదీ ఇరవై జతలు ఒకేసారి తెప్పించుకోవాలి.

ఒక విషయంలో మాత్రం మొహమాటం లేదు: బతికిన ఆ పాత ఎ1943ని తిరిగి సెట్టులో పెట్టకండి. ఒక వైపు మూడూ ఒకే కంపెనీ, ఒకే గ్రేడ్ ఉండాలి. కంపెనీ మారితే అదే కరెంటుకి బేస్ ఎమిటర్ వోల్టేజీ మారుతుంది. 0.22 ఓమ్ కొంత సర్దుతుంది, మొత్తం సర్దలేదు. ఎక్కువ మోసేది ముందు వేడెక్కి, వేడెక్కేకొద్దీ ఇంకా ఎక్కువ మోస్తుంది. ఎన్‌పిఎన్ వైపు ఓ, పిఎన్‌పి వైపు ఆర్ ఉంటే అంత ప్రమాదం లేదు. ఒకే వైపు కలపకూడదు.

జంబాగ్_ఫ్యూజ్

షిప్పింగ్ ముచ్చట నిజమే. గల్లీల కొంటే గూడ ఒక పద్ధతుంది. ముందుగాల రెండే పీసులు తీస్కో, కొలువు, బాగుంటె అదే డబ్బాలకెల్లి మిగిలినయి తెచ్చుకో. వారం ఆగి పోతే అదే రాతతోని వేరే మాల్ ఉంటది.

డ్రైవర్ సి4793 గూడ మస్తు నకిలీలు వస్తున్నయి, దాన్ని గూడ వోల్టేజీ జిగ్ మీద వెట్టు. అది గూడ 230 వోల్టులదే.

ఉప్పల్_సర్వీస్

జిగ్ చేశాను. తోషిబా లాట్ సి5200 మూడూ 128, 134 మధ్యలో ఆగిపోయాయి. ఎఫ్ లాట్ ఆరూ 255 పైన. కరెంటు పరీక్షలో తోషిబా లాట్ 2.3 ఆంపులు, ఎఫ్ లాట్ 5.8 నుంచి 6.4. ఎఫ్ లాట్ వేస్తున్నాను. డ్రైవర్లు రెండూ మారుస్తున్నాను. ఆన్ చేసే ముందు ఇంకేం చూడాలి?

క్లాస్_ఏబీ

బేస్ రెసిస్టర్లు, బయాస్ (సిగ్నల్ లేనప్పుడు పోయే కరెంటు) నిర్ణయించే ట్రాన్సిస్టర్ కొలవండి. అవుట్‌పుట్ పోయినప్పుడు అవి కూడా పోతుంటాయి, బయాస్ ట్రాన్సిస్టర్ ఓపెన్ అయి ఉంటే కొత్త ఆరూ ఆన్ చేసిన క్షణంలో పోతాయి. మైకా షీట్లు చిరిగినవి ఉంటే మార్చండి, పేస్టు పల్చగా. బిగించాక ప్రతి కలెక్టర్‌కీ హీట్‌సింక్‌కీ మధ్య ఓపెన్ చూపించాలి.

బయాస్ ప్రీసెట్ కనిష్ఠంలో, స్పీకర్ లేకుండా, 100 వాట్ల సిరీస్ ల్యాంప్‌తో ఆన్ చేయండి. ఒక్కసారి వెలిగి మసకబారాలి. అవుట్‌పుట్‌లో డీసీ 50 మిల్లీవోల్టుల లోపు ఉంటే ల్యాంప్ తీసేసి, ఒక్కో 0.22 ఓమ్ మీద 5, 6 మిల్లీవోల్టులు వచ్చేలా బయాస్ పెట్టండి. అంటే ఒక్కో ట్రాన్సిస్టర్‌కి పాతిక మిల్లీఆంపులు. సర్వీస్ మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే అదే పెట్టండి. ఇరవై నిమిషాలు వేడెక్కాక మళ్లీ కొలవండి, పెరుగుతూనే పోతుంటే బయాస్ ట్రాన్సిస్టర్ హీట్‌సింక్‌కి సరిగా అంటలేదని.

పుష్‌పుల్_శాస్త్రి

సిగ్నల్ లేకుండానే హీట్‌సింక్ కాలిపోతుంటే స్కోప్ పెట్టి ఆసిలేషన్ చూడండి. అవుట్‌పుట్‌లో 10 ఓమ్, 0.1 మైక్రోఫారడ్ జత ఉంటుంది, సెట్టు పోయినప్పుడు ఆ 10 ఓమ్ కూడా తరచు మాడిపోతుంది.

చదివేవాళ్లకు ఇంకో మాట. పాత 2ఎన్3055 సెట్లలో కంపెనీ తేడా ఇంకా గట్టిగా కనిపిస్తుంది. ఆర్‌సిఎ వాళ్ల మొదటి హోమోటాక్సియల్ రకం ఎఫ్‌టి (గెయిన్ ఒకటికి పడిపోయే ఫ్రీక్వెన్సీ) 0.8 మెగాహెర్ట్జ్, తర్వాత వచ్చిన ఎపిటాక్సియల్ రకం 2.5. నంబరు ఒకటే, పేరున్న కంపెనీదే, నకిలీ కూడా కాదు, అయినా పాత సర్క్యూట్‌లో ఆసిలేట్ అవ్వొచ్చు. వాటి స్థానంలో 30 మెగాహెర్ట్జ్ సి5200 వేసేవాళ్లు బేస్ దగ్గర 2.2 నుంచి 10 ఓమ్ లోపు రెసిస్టర్ పెట్టి, స్కోప్‌లో చూశాకే డెలివరీ ఇవ్వండి.